జాన్ బిడ్‌వెల్: మంచి కామందు అంటే సరిపోతుందా?

2024 డిసెంబర్ 11 తెల్లవారుజామున ఉత్తర కాలిఫోర్నియాలోని చీకో ఊళ్లో బిడ్‌వెల్ భవనం తగలబడిపోయింది. పంతొమ్మిదో శతాబ్దపు భూస్వామి జాన్ బిడ్‌వెల్ కట్టించుకున్న ఇరవయ్యారు గదుల మూడంతస్తుల ఇల్లు అది, 1868లో పూర్తయింది. ఎవరో కావాలనే నిప్పు పెట్టారని తర్వాత తేలింది. వార్త వచ్చిన రోజున ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మాటామాటా పెరిగింది. పిల్లల్ని తీసుకెళ్లి ఆ ఇల్లు చూపించి వచ్చినవాళ్లు అయ్యో అన్నారు. ఇక్కడ చదువుకుంటున్న ఒకమ్మాయి, "ఆదివాసుల నేల మీద కట్టుకున్న దొరగారి మేడ అది, దానికోసం ఇంత బాధెందుకు?" అని రాసింది. దానికి ఒక పెద్దాయన జవాబిచ్చారు: "ఆ కాలం అలాంటిదమ్మా. చుట్టూ అందరూ వాళ్లని చంపుతుంటే తన దగ్గర పెట్టుకుని బతికించింది ఆయనొక్కడే."

కొంపలకు నిప్పు పెట్టడాన్ని ఎవరూ సమర్థించరు, ఆ అమ్మాయి కూడా సమర్థించలేదు. నన్ను వదలకుండా పట్టుకున్నది ఆ పెద్దాయన మాట. అందులో సగం నిజం. బిడ్‌వెల్ తన పొలంలో ఉన్న మెచూప్డా అనే ఆదివాసి తెగ ప్రజలను కాపాడాడు, కాదనలేం. కానీ "ఆ కాలం అలాంటిది" అనే మాట వేరే ఎవరికైనా చెల్లుతుందేమో, ఈయనకు చెల్లదని నా నమ్మకం. ఎందుకు చెల్లదో ఆయన జీవితమే చెబుతుంది.

భూమి పోగొట్టుకున్న కుర్రాడు

బిడ్‌వెల్ 1819లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. ఒహాయోలో పెరిగాడు. ఇరవయ్యో ఏట మిస్సోరీ చేరి, పిల్లలకు చదువు చెబుతూ కొంత భూమి చూసుకున్నాడు. సామాన్లు తెచ్చుకుందామని సెయింట్ లూయిస్ వెళ్లి వచ్చేసరికి వేరేవాడు ఆ భూమిలో తిష్ఠ వేశాడు. వాడు దౌర్జన్యపరుడు. పైగా చట్టం కూడా బిడ్‌వెల్‌కు అండగా లేదు. ఇరవై ఒకటి నిండలేదు, పెళ్లి కాలేదు, కాబట్టి ఆ భూమి మీద హక్కు లేదన్నారు. నీది అనుకున్న నేల మీద ఇంకొకడు కూర్చుంటే, పైనుంచి చట్టం "నువ్వు లెక్కలోకి రావు పో" అంటే ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు, ఒంటికి తగిలిన దెబ్బ అది.

అప్పుడే కాలిఫోర్నియా చూసొచ్చిన ఒక వ్యాపారి ఆ దేశం గురించి గొప్పగా చెబుతుంటే విన్నాడు. అక్కడ చలిజ్వరం ఉంటుందా అని ఎవరో అడిగారట. ఒకే ఒక్కడికి వచ్చిందని, వాడు వణుకుతుంటే ఆ వింత చూడటానికి మాంటెరే జనం పద్దెనిమిది మైళ్లు వెళ్లారని ఆ వ్యాపారి చెప్పాడు. ముసలితనంలో బిడ్‌వెల్ ఈ ముచ్చట రాసుకున్నాడు, ఇప్పటికీ అందరూ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. నాకు మాత్రం నవ్వు రాదు. అప్పటికి ఏడేళ్ల కిందటే, 1833లో, శాక్రమెంటో లోయలో చలిజ్వరం పల్లెలకు పల్లెలనే తుడిచిపెట్టేసింది. బీవర్ తోళ్ల కోసం వచ్చిన వేటగాళ్ల వెంట వచ్చిన మలేరియా అది. ఆ తర్వాత వచ్చినవాళ్ల కళ్లకు ఆ లోయ ఎవరూ లేని సారవంతమైన నేలలా కనిపించిందంటే కారణం ఇదే. దాన్ని ఖాళీ నేల అనడం తప్పు. అది ఖాళీ అయిపోయిన నేల.

1841 మేలో బిడ్‌వెల్, మరికొందరు బయల్దేరి, దారి తెలియకుండా, పడమర దిక్కున కాలిఫోర్నియా ఉందన్న ఒక్క సంగతి తెలిసి నడిచారు. మధ్యలో బళ్లు వదిలేశారు, ఎడ్లను కోసుకు తిన్నారు. నవంబర్ 4న ముప్పై మంది పైచిలుకు బతికి చేరుకున్నారు. ఆ సాహసం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఇక్కడితో ఆపుతాను. తర్వాత అక్కడి పెద్ద భూస్వామి జాన్ సట్టర్ దగ్గర ఉద్యోగం, మెక్సికో పౌరసత్వం (అప్పటికి కాలిఫోర్నియా మెక్సికోదే), 1848లో బంగారం. ఫెదర్ నది ఒడ్డున ఆయనకు బంగారం దొరికిన చోటికి బిడ్‌వెల్ బార్ అని పేరు. ఇప్పుడది ఓరోవిల్ జలాశయం అడుగున ఉంది. అక్కడ ఆయన కోసం ఇసుక కడిగి బంగారం తీసిన చేతుల్లో మైదు ఆదివాసుల చేతులు చాలా ఉన్నాయి. ఆ డబ్బుతోనే చీకో వాగు పక్కన ఇరవై రెండు వేల ఎకరాల పైన ఉన్న ర్యాంచ్ కొన్నాడు. మెక్సికో గవర్నర్ 1844లో డిక్కీ అనే అతనికి ఇచ్చిన భూమి అది, అతని నుంచి చేతులు మారుతూ ఈయనకు వచ్చింది. కాగితాలన్నీ సక్రమమే. ఆ నేల మీద అప్పటికే ఊరు కట్టుకుని ఉన్న మెచూప్డాల పేరు ఆ కాగితాల్లో ఎక్కడా హక్కుదారుగా లేదు.

ఆయన రాసిన చట్టం, అమలైన చట్టం

1850లో కాలిఫోర్నియా మొట్టమొదటి సెనేట్‌లో బిడ్‌వెల్ సభ్యుడు. ఆదివాసుల విషయంలో ఒక బిల్లు ముసాయిదా తయారు చేశాడు. అదేమీ విముక్తి పత్రం కాదు, పని ఒప్పందాలు, శిక్షలు అందులోనూ ఉన్నాయి. అయినా ఒక మాట ఉంది: ఆదివాసుల తగవులు తీర్చే న్యాయాధికారులను ఎన్నుకునేటప్పుడు ఆదివాసులకు ఓటు ఉండాలి. 1850లో ఆ చోట ఆ మాట రాయడం చిన్న విషయం కాదు.

ఆ బిల్లు మూలన పడింది. దాని బదులు ఏప్రిల్‌లో వేరే చట్టం వచ్చింది, పేరులో మాత్రం "రక్షణ" అని ఉంది. దాని ప్రకారం ఆదివాసి సాక్ష్యం మీద తెల్లవాడికి శిక్ష వేయకూడదు. పనీపాటా లేకుండా తిరుగుతున్నాడని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ ఆదివాసిని పట్టుకుని, ఎక్కువ పాట పాడినవాడికి నాలుగు నెలల దాకా పనికి అప్పగించవచ్చు. పిల్లలను కాగితం రాయించుకుని తమ దగ్గర ఉంచేసుకోవచ్చు.

మరుసటి ఏడాది ఇంకొకటి జరిగింది. 1851 ఆగస్టు 1న బిడ్‌వెల్ ర్యాంచ్‌లోనే కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి మెచూప్డాలతో, చుట్టుపక్కల తెగలతో ఒప్పందం రాసుకున్నాడు. వాళ్లకు ప్రత్యేకంగా భూమి కేటాయిస్తామని మాట ఇచ్చారు. కాలిఫోర్నియాలో అలాంటివి మొత్తం 18 ఒప్పందాలు. 1852లో అమెరికా సెనేట్ ఒక్కదాన్నీ ఆమోదించలేదు, పైగా ఆ కాగితాలను 1905 దాకా రహస్యంగా దాచిపెట్టింది. కాగితం మీద గుర్తులు పెట్టినవాళ్లు ఆ మాట నమ్ముకుని కూర్చున్నారు.

అందుకే "ఆ కాలం అలాంటిది" అన్న మాట నాకు గొంతు దిగదు. ఆ కాలంలోనే ఆదివాసికి ఓటు ఉండాలని ఒక మనిషికి తోచింది. ఆ మనిషి బిడ్‌వెలే. వాళ్లకు కొంత భూమైనా కేటాయించాలని ఆయన పొలంలోనే సంతకాలు జరిగాయి. తెలియక చేశాడని ఎవరి గురించైనా అనొచ్చు కానీ ఈయన గురించి అనలేం.

పండు ఆగదు

ఇక తోట సంగతి. ఈ లోయలో పండ్లు పండించడం ఎలాగో చూపించినవాళ్లలో బిడ్‌వెల్ ముందువరసలో ఉంటాడు. మొదట్లో పేరు తెచ్చింది గోధుమ. 1878 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఆయన గోధుమకు బంగారు పతకం వచ్చింది. కానీ ఆయనకు ప్రాణం పండ్ల మీదే. చెర్రీ, పీచ్, ఆప్రికాట్, పియర్, ఆపిల్, ప్రూన్, అంజూర, ఆలివ్, వాల్‌నట్, బాదం, ఇలా ఎక్కడ ఏ మొక్క గురించి విన్నా తెప్పించి నాటేవాడు. జోసెఫ్ హుకర్ పేరు మన దగ్గర బాటనీ చదివినవాళ్లకు తెలిసే ఉంటుంది, బ్రిటిష్ ఇండియా మొక్కలన్నిటినీ గ్రంథస్థం చేసిన మనిషి. ఆయన 1877లో బిడ్‌వెల్ ఇంటికి వచ్చాడు. అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే, ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ కూడా తోడున్నారు. అందరూ కలిసి షాస్టా పర్వతం వైపు క్యాంపుకు వెళ్లారు. రాజకీయ నాయకుల ఇళ్లకు సాధారణంగా ఇలాంటి చుట్టాలు రారు.

పండ్లతోట చేసినవాళ్లకు ఒక విషయం తెలుసు. గోధుమ కోత కొన్ని వారాల పని, బయటి నుంచి మనుషులను తెచ్చుకుని పంపేయొచ్చు. పండు అలా కాదు. మే నెలలో చెర్రీ, ఆ వెనకే ఆప్రికాట్, ఎండలు ముదిరాక పీచ్, తర్వాత ప్రూన్, బాదం. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి పక్వానికొస్తుంది. పీచ్ పండును చెట్టు నుంచి మెత్తబడకముందే కోయాలి, అదే రోజు రెండు చెక్కలుగా చీల్చి టెంక తీయాలి, చెక్క పళ్లేల మీద లోపలి వైపు పైకి వచ్చేలా పరవాలి, రంగు మారకుండా గంధకం పొగ పట్టించాలి, ఆపైన ఎండలో పెట్టాలి. ఒక్క రోజు మనుషులు దొరకకపోతే పంట కుళ్లిపోతుంది. కాబట్టి పండ్ల రైతుకు కావలసింది పిలవగానే వచ్చే చేతులు, అంటే తోట పక్కనే కాపురం ఉండే మనుషులు.

మెచూప్డాల పల్లె బిడ్‌వెల్ ఇంటి పక్కనే ఉండటానికి ఆయన దయ ఒక కారణం. ఈ పని ఇంకో కారణం. చీనా కూలీల విషయమూ అంతే. 1877 మార్చిలో చీకో దగ్గర ఒక పొలంలో నలుగురు చీనా కూలీలను చంపేశారు. వాళ్లను పనిలోంచి తీసేయమని ఊరి నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా బిడ్‌వెల్ ఒప్పుకోలేదు. దానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యం ఆయనకు ఉంది. కానీ ఆ కూలీలు లేకపోతే ఆయన తోట కూడా లేదు. మంచితనం, లాభం ఒకే దారిలో నడుస్తున్నప్పుడు ఏది దేన్ని లాక్కెళుతోందో బయటివాడికి తెలియదు. బహుశా ఆ మనిషికీ తెలియదేమో.

1863లో మాత్రం తెలిసింది. ఆ ఏడు వేసవిలో కొందరు తెల్ల పిల్లల హత్యలు జరిగాక, కొండల్లోని ఆదివాసులందరినీ తరిమేయాలని ఊళ్లన్నీ ఏకమయ్యాయి. బిడ్‌వెల్ సైన్యాన్ని రప్పించాడు, తన పల్లె జోలికి ఎవరూ రాకుండా చూసుకున్నాడు. మిగతావాళ్లను పోగేసి సెప్టెంబర్‌లో చీకో నుంచి పడమటి కొండల అవతల ఉన్న రౌండ్ వ్యాలీకి నడిపించారు. బయల్దేరినవాళ్లు 461 మంది, చేరినవాళ్లు 277 మంది. ముప్పై రెండు మంది చనిపోయారు, ఇద్దరు తప్పించుకున్నారు, 150 మందిని నడవలేక పడిపోతే దారిలోనే వదిలేశారు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఏటా ఆ దారి వెంట నడుస్తారు. అంటే ఆ ఏడాది ప్రాణం నిలబడటానికి పనికొచ్చిన హక్కు ఒక్కటే, బిడ్‌వెల్ పనివాడు కావడం. ఆదివాసిగా, మనిషిగా ఏ హక్కూ లేదు.

మా నాయనమ్మ చెప్పిన కామందు

మా తాత పాలేరు. నాయనమ్మ బతికున్నన్నాళ్లూ కామందు గురించి ఒక్క చెడ్డమాట అననివ్వలేదు. "ఆయన చల్లగా ఉండబట్టే మనం నాలుగు మెతుకులు తిన్నాం రా" అనేది. కరువొస్తే గాదెలోంచి ధాన్యం కొలిపించాడు, పురుడొస్తే బండి కట్టించాడు, గుడిసె వేసుకోవడానికి చెరువుగట్టు కింద జాగా చూపించాడు. ఇవన్నీ నిజాలే, నాయనమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. అదే నాయనమ్మ ఇంకోసారి మాటల మధ్యలో, కామందుగారి అబ్బాయికి అక్కడ రొయ్యల చెరువు తవ్వించాలని బుద్ధి పుడితే గుడిసె పీక్కుని కాలవ అవతల వేసుకున్నామని చెప్పింది. కోపంగా చెప్పలేదు, వాన పడిందన్నట్టు చెప్పింది. ఆ మాట నాకు కామందు మంచితనం కంటే ఎక్కువ గుర్తుండిపోయింది.

మెచూప్డాల పల్లె కథ చదువుతుంటే నాకు ఆ గుడిసే కళ్లముందు మెదిలింది. బిడ్‌వెల్ 1868లో వాషింగ్టన్‌లో ఆనీ కెనడీని పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. పెళ్లికి అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ కూడా వచ్చాడు. అప్పటికి పల్లె కొత్త భవనానికి బాగా దగ్గరగా ఉంది. చావు జరిగితే వాళ్లు గొంతెత్తి ఏడ్చేవారు. ఆ ఏడుపు వినలేకపోవడంతో పల్లెను ఇంకొంచెం దూరానికి జరిపించారు. ఆనీ చెడ్డ మనిషి కాదు. వాళ్లకు బడి పెట్టింది, కుట్టుపని నేర్పింది, జీవితాంతం వాళ్ల కోసం ఉత్తరాలు రాసింది. స్త్రీలకు ఓటు కావాలని పోరాడింది. అయినా పల్లె జరిగింది, ఎందుకంటే జరపగల అధికారం ఆ ఇంటికి ఉంది, కుదరదు అనే అధికారం ఆ పల్లెకు లేదు.

ద్రాక్షతోట

బిడ్‌వెల్‌కు ద్రాక్షతోట ఉండేది, వైన్ కూడా చేసేవాడు. మద్యం తప్పని మనసుకు పట్టాక, 1867లో వైన్ ద్రాక్ష తీగలన్నీ వేళ్లతో సహా పీకించేశాడు. తినే ద్రాక్ష, ఎండు ద్రాక్ష రకాలు మాత్రం ఉంచాడు. కాపుకొచ్చిన తోటను పీకించడం ఏ రైతుకైనా కడుపుకోత. ఎవరూ బలవంతం చేయలేదు, ఏ చట్టమూ అడగలేదు. ఆ నమ్మకం మీదే చివరిదాకా నిలబడ్డాడు. గవర్నర్ పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. 1875లో అయితే భూస్వామివి, నీకు జనం బాధలేం తెలుసని ప్రత్యర్థులు ఏకిపారేశారు. 1892లో, డెబ్బై మూడేళ్ల వయసులో, గెలవనని తెలిసీ మద్యనిషేధ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. 2,70,000 పైగా ఓట్లు వచ్చాయి. ఆ పార్టీకి అధ్యక్ష ఎన్నికల్లో అన్ని ఓట్లు అంతకుముందు లేవు, ఆ తర్వాతా రాలేదు.

నేను ఆయన్ను గౌరవించేది ఈ ద్రాక్షతోట కోసమే. ఆయన మీద నా ఫిర్యాదు కూడా దీనివల్లే. తప్పు అనిపిస్తే లాభం వచ్చేదాన్ని కూడా వేళ్లతో పెకలించగల మనిషి ఇతను. అలాంటివాళ్లు ఏ కాలంలోనైనా తక్కువ. మరి నేల విషయంలో ఆ చెయ్యి ఎందుకు లేవలేదు? వైన్ తప్పని తోచిన మనసుకు, ఒక జాతి మొత్తం తన దయ మీద బతకడం తప్పని తోచలేదా? 1850లో ఓటు సంగతి తోచిన మనిషికి తోచకుండా ఉంటుందా?

దీనికి ఎదురుగా చెప్పే మాటలు నేనూ ఆలోచించాను. ఆ రోజుల్లో మెచూప్డాలకు భూమి రాసిచ్చినా నిలిచేది కాదు, పక్కవాళ్లు నెలలో లాగేసుకునేవారు, వాళ్ల సాక్ష్యమే కోర్టులో చెల్లదు కదా అంటారు. 1850లకు, 60లకు ఇది చాలా బలమైన మాట. ఆయన పేరు మీద ఉండబట్టే ఆ నేల మీద వాళ్లు మిగిలారన్నది నేను ఒప్పుకుంటాను. ర్యాంచ్ ఎప్పుడూ అప్పుల్లోనే ఉండేది, తాకట్టులో ఉన్న భూమిని ఎలా ఇస్తాడని ఇంకో మాట. అది కూడా అబద్ధం కాదు.

కానీ ఆయన 1900 ఏప్రిల్ దాకా బతికాడు. ఎనభయ్యేళ్ల వయసులో తోటలో దుంగ కోస్తూ గుండె ఆగి పోయాడు. 1863కీ 1900కీ మధ్య ముప్పై ఏడేళ్లున్నాయి. ఆ మధ్యలో అప్పులున్నా 1887లో టీచర్ల కాలేజీ కోసం ఎనిమిదెకరాల చెర్రీ తోట ఉచితంగా ఇచ్చాడు. చర్చిలకు స్థలాలిచ్చాడు. ఆయన పోయాక 1905లో ఆనీ చీకో నగరానికి వాగు వెంట దాదాపు రెండు వేల ఎకరాలు పార్కు కోసం రాసిచ్చింది, అందులో మద్యం అమ్మకూడదు, తాగకూడదు అని షరతు పెట్టి మరీ. దానపత్రంలో షరతు రాయించి కలకాలం నిలిచేలా చేయడం ఆ ఇంటికి బాగా తెలుసు. మెచూప్డాలకు దక్కింది పల్లె ఉన్న కాస్త నేల, అదీ నేరుగా వాళ్ల చేతికి కాకుండా ట్రస్టు కింద. ఊరికి ఇచ్చేటప్పుడు ఊరిని నమ్మారు. వీళ్లకు ఇచ్చేటప్పుడు వీళ్ల మీద పెద్దదిక్కును పెట్టారు.

దాని ఫలితం తర్వాతివాళ్లు అనుభవించారు. 1967లో కేంద్ర ప్రభుత్వం మెచూప్డా తెగ గుర్తింపునే రద్దు చేసింది, ఉన్న కాస్త పల్లె కూడా చెదిరిపోయింది. కోర్టుకెక్కి కొట్లాడితే 1992లో గుర్తింపు తిరిగి వచ్చింది, నేల మాత్రం రాలేదు. బిడ్‌వెల్ ఇచ్చిన చెర్రీ తోటలో మొదలైన ఆ కాలేజీ పెరిగి పెద్దదై ఇప్పటి చీకో స్టేట్ యూనివర్సిటీ అయింది. ఆ యూనివర్సిటీ అనుబంధ సంస్థ 2022లో బ్యూట్ వాగు పక్కనున్న 93 ఎకరాల రక్షిత ప్రకృతి ప్రాంతాన్ని మెచూప్డా తెగ పేరు మీద రాసిచ్చింది. ఈసారి పైన ట్రస్టు లేదు, కామందు లేడు. ఆ నేల ఎలా చూసుకోవాలో తెగ పెద్దలే నిర్ణయిస్తారు.